బట్టల బండ మీద భోజనం

ఎదుటివాళ్ళ తప్పు నాకు వెంటనే కనిపిస్తుంది. ముప్పై నాలుగేళ్ళు సర్కారు బడిలో లెక్కలు చెప్పిన చెయ్యి ఇది. తప్పు ఎక్కడుంటే అక్కడ ఎర్ర సిరాతో సున్నా చుట్టడం అలవాటు. నా తప్పు మాత్రం నాకు ఆలస్యంగా కనిపిస్తుంది. ఒకటైతే ఏళ్ళు పట్టింది. అదీ ఒక పెద్ద హోటల్లో, భోజనాల బల్ల కింద కనిపించింది.

నేను రిటైరైన రోజు తోటి టీచర్లు శాలువా, గోడ గడియారం వద్దనుకుని కొత్తగా ఆలోచించారు. పాత కచేరిలో పెట్టిన హోటల్లో ఇద్దరికి ఒక రోజు బస, భోజనాలతో సహా, అని అచ్చు వేసిన అట్ట ఒకటి కవర్లో పెట్టి ఇచ్చారు. ఆ గదికి రోజుకెంతో ఎవరో చెవిలో చెబితే మళ్ళీ అడిగి చెప్పించుకున్నాను. ఇంతమంది ఇంత పోగు చేసింది నేను ఒక పూట పడుకోవడానికా అని కోపం కూడా వచ్చింది. కానీ వెనక్కి ఇస్తే బాగుండదు. నాకు పెళ్ళి లేదు, పిల్లలు లేరు. ఇద్దరు అంటే నేనూ అమ్మా.

అమ్మకు ఎనభై దాటాయి. సంగతి చెప్పగానే భయపడింది.

"పాత కచేరికా? ఆడ మనకేం పనుండాదే? ఏం కాగితం తక్కువొచ్చింది నీకు?"

అమ్మ భయం ఉత్తది కాదు. కర్నూలు నుంచి కడపకు పోయే దారిలో, మా ఊరికి ఏడెనిమిది మైళ్ళ దూరంలో ఉంటుంది ఆ కట్టడం. నవాబుల కాలంలో ఎవరో జాగీర్దారు కట్టించుకున్నాడట. నాకు తెలిసేనాటికి అది తాలూకా కచేరి. ఐదో తరగతిలో నా స్కాలర్‌షిప్ కాగితం మీద సంతకం కోసం అమ్మ గని పని మానుకుని, నన్ను వెంటబెట్టుకుని, మూడు రోజులు ఆ వసారాలో నిలబడింది. మూడో రోజు గుమాస్తా సంతకం అయిన కాగితాన్ని కిటికీలోంచి విసిరేశాడు. అది గాలికి లేచి ఆవరణలో పడితే అమ్మ దాని వెంట పరిగెత్తింది. ఆ తర్వాత అది విత్తనాల గోడౌను అయింది, ఆ తర్వాత గబ్బిలాల పాలైంది, ఇప్పుడు హోటలైంది.

మే నెల ఎండ. పొద్దున పదికే కారు అద్దాలు కాలిపోతున్నాయి. దారికి రెండు వైపులా బండల గనులు. కోసిన నాపరాళ్ళు నిలువుగా పేర్చి ఉన్నాయి, నల్లవి, బూడిద రంగువి. ఆ గనుల్లోనే అమ్మా, మా నాయన తల్లి అంటే మా జేజీ, ఇద్దరూ తల మీద చుట్టకుదురు పెట్టుకుని బండలు మోశారు. అమ్మ అద్దంలోంచి వాటిని చూస్తూ, దారి పొడుగునా ప్రతిసారీ అనే మాటే మళ్ళీ అన్నది.

"ఇన్ని బండలుండాయి. మీ జేజికి మాత్రం ఒక్కటి పడల్యా."

ఈ మాట వెనక ఒక కథ ఉంది. మాది చర్చి కుటుంబం. మా ఊళ్ళో సమాధి మీద బండ పరచడం ఒక మర్యాద, అందులోనూ జంట బండ. మొగుడూ పెళ్ళాల్లో ఒకరు పోగానే ఒకే బండ మీద ఇద్దరి పేర్లూ చెక్కిస్తారు, పైన ఒకరిది, కింద ఒకరిది. బతికున్న వాళ్ళ పేరు దగ్గర పోయిన తేదీ మాత్రం ఖాళీగా వదిలేస్తారు. ఏటా ఈస్టర్‌కు ముందు సమాధులకు సున్నం కొట్టేటప్పుడు ముసలివాళ్ళు తమ పేరు తామే తుడుచుకుంటుంటారు. బయటివాళ్ళకు అది వింత, మాకు మామూలు.

మా ఇంట్లో ఆ జంట కుదరలేదు. తాత కరువులో వలస పోయి అక్కడే పోయాడు, ఎక్కడ పూడ్చారో కూడా తెలియదు. మా నాయన నాకు మూడేళ్ళప్పుడు ఇల్లు విడిచి పోయాడు. రాయచూరు దిక్కున ఇంకో సంసారం పెట్టాడని కొందరన్నారు. ఆ రోజు జేజి నడి వీధిలో అమ్మను పట్టుకుని, "నీ మొకం సూడలేకే నా కొడుకు పాయె" అన్నది. అమ్మ ఆ మాట మరిచిపోలేదు. అయినా ఎక్కడికీ పోలేదు, జేజి పొమ్మనలేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే గనిలో, ఒకే బట్టల బండ దగ్గర ముప్పై ఏళ్ళకు పైగా కాట్లాడుకుంటూ బతికారు. నీళ్ళ దగ్గర గొడవ, సబ్బు దగ్గర గొడవ. ఎవరు ముందు ఉతకాలనేది రోజూ గొడవే.

జేజి చివరి రోజుల్లో అమ్మ ఒకసారి అడిగింది, నీకు ఎట్లాంటి బండ వేయించమంటావు అత్తా అని. జేజి మొహం తిప్పుకుని, "నా బండ నేను సూసుకున్యాలే, నువ్వేమీ యేయించొద్దు" అన్నది. తన చేతి బండ కూడా అత్తకు పనికిరాలేదని అమ్మ మనసు విరిగిపోయింది. జేజి పోయాక నేను బండ వేయిద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. ఆమె వద్దన్నది కదా, వద్దంటే వద్దే, అన్నది. అట్లా జేజి సమాధి మట్టి దిబ్బగానే ఉండిపోయింది. అమ్మ ఏటా దాని చుట్టూ గులకరాళ్ళు పేర్చి సున్నం కొడుతుంది, ఏడుస్తుంది, ఇంటికొచ్చి అత్తను తిడుతుంది. తను కళ్ళు మూసేలోపు ఆ దిబ్బ మీద ఒక బండ పడాలన్నది అమ్మ కోరిక, తన చేత్తో వేయకూడదన్నది అమ్మ పంతం.

హోటల్ గేటు దగ్గర తలపాగా పెట్టుకున్న మనిషి మాకు సలాం కొట్టాడు. అమ్మ వెనక్కి తిరిగి చూసింది, మా వెనక ఎవరైనా అధికారి వస్తున్నాడేమోనని. లోపల ఒకమ్మాయి కుంకుమ పళ్ళెం తెచ్చింది. అమ్మ రెండడుగులు వెనక్కి వేసి, "మాకు లేదు తల్లీ, మేం చర్చోళ్ళం" అన్నది. ఇంకొకమ్మాయి చల్లటి తడిగుడ్డ చుట్టి పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. అమ్మ దాన్ని నుదుటి దగ్గర పెట్టి నా వైపు కంగారుగా చూసింది.

"ఎవురికన్నా జొరమా ఈడ?"

గది చూసి నేను అదిరిపోయాను. గుమాస్తా కూర్చున్న గది అదే. అదే కిటికీ, అవే కమ్ములు, ఇప్పుడు వాటికి నల్ల రంగు. కిటికీ కింద, అమ్మ మూడు రోజులు నిలబడిన గోడకు ఇవతల వైపు, తెల్లటి నీళ్ళ తొట్టి. స్నానాల గదికి గోడ లేదు, అద్దం ఉంది. మంచం మీద పడుకుంటే స్నానం చేసేవాళ్ళు నిలువునా కనిపిస్తారు. అమ్మ ఆ అద్దం మీద వేలితో తట్టి చూసి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"నీళ్ళు పోసుకునేది ఎవురు సూడల్లనే ఈ అద్దం? ఇంత దుడ్లు పోసి గోడ కట్టకుంటే ఎట్ల?"

గోడకు చేటలు తగిలించి ఉన్నాయి. రోకలి ఒకటి, జల్లెడ ఒకటి, పాత లాంతరు ఒకటి. మూలన ఒక రోలు, దాని మీద పూలకుండీ. మేము ఏవి పారేసి మనుషులమయ్యామో అవన్నీ గోడకెక్కి కూర్చున్నాయి. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. మంచం మీద కూర్చుంటే మెత్తగా లోపలికి దిగిపోతున్నామని అమ్మ కిందే చాప వెతుక్కుంది. చాప కూడా గోడకే ఉంది.

మధ్యాహ్నం భోజనానికి దిగాము. వసారా అంతా అద్దాలు బిగించి చల్లగా చేశారు. వడ్డించడానికి వచ్చిన మనిషికి నలభై ఏళ్ళుంటాయి. మా యాస విని మొహం విప్పారి, తనది డోన్ దగ్గర పల్లె అని చెప్పాడు. మమ్మల్ని ఒక మూల బల్ల దగ్గరికి తీసుకుపోయాడు. ఇనుప కాళ్ళ మీద పెద్ద నల్ల బండ. ఆ బల్ల ప్రత్యేకమైన అతిథులకే ఇస్తారట.

అతను చేతులు కట్టుకుని, యాస మార్చి, బడిలో పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు. "ఈ శిల రెండు వందల సంవత్సరాల నాటిది మేడమ్. నవాబుగారు దీని మీదే కూర్చుని ప్రజలకు తీర్పులు చెప్పేవారు. వారు కూర్చుని కూర్చుని నడిమధ్య ఇలా అరిగిపోయింది. మీరిప్పుడు నవాబుగారి ఆసనం మీద భోజనం చేయబోతున్నారు."

నేను నవ్వు ఆపుకోలేక నీళ్ళ గ్లాసు అందుకున్నాను. అమ్మ నవ్వలేదు. బండ నడిమధ్య ఉన్న పల్లంలో అరచెయ్యి పెట్టింది. ఆ చెయ్యి అందులో ఇమిడిపోయింది. తర్వాత బండ అంచు వెంట వేళ్ళు జరుపుకుంటూ పోయి, తన ఎడమ పక్క మూల దగ్గర ఆగింది. ఆ మూల కొరికిన జొన్నరొట్టె మాదిరిగా విరిగి ఉంది.

"కూసుంటే అరగల్యాప్పా ఇది," అన్నది అమ్మ నెమ్మదిగా. "బట్టలు ఉతికితే అరిగింది."

"అమ్మా, ఊరికే ఉండు," అన్నాను.

"ఏం ఊరికే ఉండేది? మన బట్టల బండ ఇది. ఈ మూల సూడు. పొద్దన్నే కాలికి తగిలేది గదా నీకు. ఈ పసుపు చార సూడు."

చూశాను. బండ మీద అడ్డంగా సన్నటి పసుపు చార. చిన్నప్పుడు స్నానం చేసేటప్పుడు ఆ చార మీద నీళ్ళు పోసి, ఎటు పారతాయో చూసేదాన్ని. చేతిలో గ్లాసు కింద పెట్టేశాను. ఎందుకంటే ఆ బండ ఇల్లు దాటింది నా వల్లే.

జేజి పోయిన మూడేళ్ళకు మా ఊరి ఇల్లు బాగు చేయించాను. అప్పట్లో ఊరంతా బండలు పీకి టైల్స్ వేసుకుంటున్నారు. బండలు మోసిన వాళ్ళకే బండలంటే నామోషీ. ఒక కాంట్రాక్టరు వచ్చి, పాత బండలు ఉంటే ఇవ్వండి, పీకి తోలుకుపోయే పని నాది, అన్నాడు. నేను ఇంట్లోవి, వాకిట్లోవి, పెరట్లోవి అన్నీ తోలుకుపొమ్మన్నాను. అమ్మ కూడా వద్దనలేదు. అడుగంతా మట్టి పట్టిన ఆ బట్టల బండ లారీ ఎక్కుతుంటే, పోనీ, దాని మీద నా నడుము విరిగింది, అన్నది. దాని బదులు పెరట్లో పచ్చటి సిమెంటు గట్టు కట్టించాను, చాలా గొప్ప పని చేశాననుకున్నాను.

వడ్డించే మనిషి ఇటూ అటూ చూసి, యాసలోకి వచ్చేశాడు. "అవ్వా, ఆ కత నాకు నేర్పిచ్చినారు. నేను చెప్తాండా, అంతే. ఈ బండలన్నీ పల్లెల్లోంచి లారీల్లో వచ్చినాయని మాకూ తెల్సు. వెనకాల ఇంకా పడుండాయి."

అమ్మ అతని మాట వింటున్నట్టు లేదు. విరిగిన మూల కింద చెయ్యి పెట్టి తడుముతోంది, పాత వస్తువు దొరికితే అటూ ఇటూ తడిమి చూసినట్టు. చెయ్యి లోపలికి పోయింది. కాసేపటికి కదలడం మానేసింది. అమ్మ మొహం తెల్లగా పాలిపోయింది. నాకు గుండె జబ్బేమో అని భయం వేసింది.

"ఏమైందమ్మా?"

"ఈడ నా పేరుండాది," అన్నది అమ్మ.

అమ్మకు చదువు రాదు. జేజి పోయాక, పొదుపు సంఘంలో వేలిముద్ర వేయడానికి సిగ్గుపడుతుంటే నేనే పలక ఇచ్చి సంతకం నేర్పాను. తన పేరులోని నాలుగు అక్షరాలు తప్ప అమ్మకు ఇంకే అక్షరమూ తెలియదు. నెలకొకసారి సంఘం పుస్తకంలో ఆ నాలుగు అక్షరాలనూ, ముగ్గు వేసినంత జాగ్రత్తగా, వంపులు లెక్కపెట్టుకుంటూ రాస్తుంది. ఆ నాలుగు అక్షరాలు బండ కింద ఆమె వేళ్ళకు తగిలాయి.

అమ్మకు మతి పోయిందనుకున్నాను. ఆమె మతి కాదు, నాది. వడ్డించే మనిషి ఫోన్ లైటు వేశాడు. నేను చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, అరవై దాటిన మోకాళ్ళ మీద, ఆ మెరిసే నేల మీద వంగి బల్ల కిందికి దూరాను. పక్క బల్లల వాళ్ళు తినడం ఆపి చూస్తున్నారు.

పైన జేజి పేరు. పక్కన పుట్టిన సంవత్సరం, అది కూడా ఉజ్జాయింపున. పోయిన తేదీ ఖాళీ. దాని కింద, మొగుడి పేరు ఉండాల్సిన చోట, అమ్మ పేరు. ఆ పేరు కింద "కోడలు" అని ఒక్క మాట. దాని పక్కన కూడా తేదీ ఖాళీ. మేస్త్రి చెయ్యి అంత తిన్నగా లేదు, కానీ లోతుగా చెక్కాడు. అంచుల్లో సబ్బు తెట్టు ఇంకా గట్టిపడి ఉంది.

నాకు అక్కడే బల్ల కింద ఏడుపు వచ్చింది. బయటికి వచ్చి అమ్మకు చదివి చెప్పాను. అమ్మ నమ్మలేనట్టు చూసింది. తర్వాత తనే లెక్క కట్టింది. తను ఒకసారి పంట కోతకు పుట్టింటికి పోయి వారం ఉండి వచ్చేసరికి పెరట్లో ఈ కొత్త బండ పరిచి ఉంది. గనిలో మూల విరిగి పనికిరాని బండ అని మేస్త్రి ఇచ్చాడని జేజి చెప్పింది. అంటే ఆ వారంలో చెక్కించి, బోర్లా పరిచి, తమ ఇద్దరి పేర్ల మీదే అన్నేళ్ళూ ఉతికించింది. ఎవరైనా ఆ బండ జరపబోతే మీద పడి కొట్టేంత పని చేసేది. నా బండ నేను సూసుకున్యాలే అంటే అర్థం ఇదన్నమాట.

నాకు ఇంకొకటి గుర్తొచ్చింది, అది అమ్మకు తెలియదు. జేజి ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను ఒక్కదాన్నే పక్కన ఉన్న సాయంత్రం, నా మణికట్టు పట్టుకుని, "పెరట్లో బండ తిరగేసి సూడు పాపా" అన్నది. రెండుసార్లు అన్నది. ఆ వారం మా బడికి ఇన్‌స్పెక్షన్. ఒళ్ళో రిజిస్టర్లు పెట్టుకుని కూర్చున్నాను. జ్వరంలో ఏదో అంటోందనుకుని, సరేలే జేజీ, పడుకో, అన్నాను. పిల్లల నోటు పుస్తకాల్లో చుక్క పోతే పట్టుకునే మనిషిని, ఆ మాట వదిలేశాను.

సంగటి వచ్చింది, నిమ్మకాయంత ముద్ద, పైన పూరెక్క. అమ్మ పళ్ళెం పక్కకు జరిపింది.

మేనేజరమ్మాయి వచ్చింది. హైదరాబాదు అమ్మాయి, మర్యాద తెలిసినది. సంగతంతా విని ఆమె కూడా నిర్ఘాంతపోయింది. ఆ బల్ల బిగించిన మేస్త్రీలు ఉత్తరాది వాళ్ళని, తెలుగు రాదని, కింద ఉన్నది నక్షత్రాల లెక్కో ఏదో అనుకున్నారని చెప్పింది. బండ మాకు ఇవ్వాలని అడిగాను. వస్తువులన్నీ యజమానివని, అడగాలని ఫోన్ చేసింది. ఫోన్‌లో యజమాని గొంతు మాకూ వినిపించింది. క్షమాపణ చెబుతాడనుకున్నాను. అతను సంబరపడిపోయాడు.

"ఎంత గొప్ప కథండీ! నవాబు కథ కంటే ఇదే బాగుంది. బల్ల కింద లైటు పెట్టిద్దాం, అతిథులు వంగి చదువుకునేలా. పెద్దమ్మగారికి, మీకు ఏడాదికొకసారి భోజనం మా తరఫున."

నా ఒళ్ళు మండింది. ఫోన్ లాక్కుని, మీ అమ్మ సమాధి రాయి మీద మేము వచ్చి పప్పూ అన్నం తింటాం, లైటు మీరే పట్టుకోండి, అని అరిచాను. ఇంకా ఏమేమో అన్నాను, బడిలో కూడా ఎప్పుడూ అనని మాటలు. అవతల ఫోన్ పెట్టేశాడు. నేను చెడగొట్టేశానని అర్థమైంది.

అమ్మ మేనేజరమ్మాయిని చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది.

"తల్లీ, నీకు అత్త ఉండాదా?"

"ఉన్నారు అమ్మగారూ."

"మంచిదేనా?"

ఆ అమ్మాయి నేల చూపు చూసింది.

"నాదీ అంతే," అన్నది అమ్మ. "నా జనమలో ఒక్క మంచి మాట అనల్యా నన్ను. ఈ పొద్దు ఈడ అనింది. ఇది మీకు బల్ల. నాకు మా యత్త మాట. నేను సచ్చినాక నా మీద కూడా ఇదే రావల్ల. దీని మీద మీరు తింటా ఉంటే నేను యాడికి పోయేది?"

మేనేజరమ్మాయి లేచి దూరంగా పోయి మళ్ళీ ఫోన్ చేసింది. చాలాసేపు మాట్లాడింది. మధ్యలో ఒకసారి కళ్ళు తుడుచుకోవడం చూశాను. తిరిగి వచ్చి, సారు ఒప్పుకున్నారు కానీ మంచి బల్ల ఖాళీ అవుతుందని బాధపడుతున్నారు, అన్నది.

"వెనకాల ఇంకా బండలుండాయంట గదా," అన్నది అమ్మ. "ఒకటి తెచ్చి బిగించుకోండి. నవాబు కత ఏ బండకైనా చెప్పొచ్చు."

డోన్ మనిషి పెద్దగా నవ్వేసి, మేనేజర్ ఉందని గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

గదికి వచ్చాక అమ్మ ఆ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. నేను తట్టుకోలేకపోయాను. జేజి ఆసుపత్రిలో అన్న మాట చెప్పేశాను. బండ తిరగేయమన్నదని, రెండుసార్లు అన్నదని, నేను పట్టించుకోలేదని. నేను ఆ రోజు విని ఉంటే ఆమె అన్నేళ్ళు మట్టి దిబ్బ కింద ఉండేది కాదు, నువ్వు అన్నేళ్ళు ఏడ్చేదానివి కావు, అన్నాను. అమ్మ నా వైపు ఒకసారి చూసింది. కిటికీలోంచి ఆవరణలోకి చూస్తూ కూర్చుంది. అమ్మ తిడితే తట్టుకోగలను, తిట్టకపోతే నాకు చేతకాదు. నాలుగింటికే కారు పిలిపించుకుని ఇంటికి వచ్చేశాము, ఆ మెత్తటి మంచం ఎవరికీ ఉపయోగపడలేదు. తర్వాత వారం రోజులు అమ్మ నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

పది రోజులకు చిన్న లారీలో బండ మా ఊరికి వచ్చింది. డోన్ మనిషి సెలవు పెట్టుకుని తోడు వచ్చాడు. పల్లె మనుషులు నలుగురు పట్టి చర్చి వెనక సమాధుల దగ్గరికి మోశారు. బండ తిప్పారు. మొదటిసారి ఆ అక్షరాలు ఎండలోకి వచ్చాయి. ఉతికి ఉతికి అరిగిన పల్లం కిందికి, జేజి మీదికి పోయింది. చుట్టూ చేరిన వాళ్ళు అమ్మ పేరు చదివి నోళ్ళు వెళ్ళబెట్టారు. మొగుడి పక్కన పెళ్ళాం పేరు చూశారు గానీ, అత్త కింద కోడలి పేరు మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. చర్చి సంఘపెద్ద ఒకాయన గొంతు సవరించుకుని, ఇది మన పద్ధతి కాదు, కోడలి పేరు మీద ప్రస్తుతానికి సిమెంటు పూద్దాం, అన్నాడు.

"నీ పేరు మీద పూసుకోప్పా," అన్నది అమ్మ. ఆయన వెనక్కి జరిగాడు.

అందరూ పోయాక అమ్మ నా చేతిలోని చెంబు లాక్కుంది. బండ మీద నీళ్ళు పోసి అరచేత్తో రుద్దసాగింది. అక్షరాల్లో ఇరుక్కున్న పాత సబ్బు తెట్టు గోటితో తీసింది. తన పేరు దాకా వచ్చాక ఆగి, తల ఎత్తకుండా, పది రోజుల నుంచి నాకు బాకీ పడ్డ జవాబు చెప్పింది.

"ఆ పొద్దు నువ్వు తిరగేసి, సదివి చెప్పింటే, నేను నమ్మేదాన్ని కాదే. నన్ను సమాదాన పరచను అబద్దం చెప్తాండావు అనుకునేదాన్ని. మీ జేజి నోట నా పేరు తిట్టుగా తప్ప యాడిన్యాను? ఇప్పుడు నా యేళ్ళే సదివినాయి."

నేను వంగి చెంబు అందుకున్నాను. ఆమె పేరు మీద నీళ్ళు పోశాను.

అమ్మ జేజి పేరు వైపు తిరిగింది. "అంత తిట్టు తిట్టిన నోటితో ఈ ఒక్క మాట అనింటే నీ సొమ్మేం పోతాండె అత్తా?" అని అడిగింది. నిజంగా జవాబు కోసం అడిగినట్టే కాసేపు చూసింది. తర్వాత కొంగుతో బండ తుడిచి, తన పేరు ఉన్న వైపు కూర్చుని, దాహం వేస్తోంది, నీళ్ళు తెమ్మన్నది.